వాలీబాల్ జట్టుకు ఆరు కుప్పలు

కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్లుగా కొత్తగా చేరుతున్న వాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తాను, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు. మన ఉద్యోగం విజిల్ ఊదడం కాదు, అడుక్కోవడం. బంతి కోసం అడగాలి, గీతలు గీసే సున్నం కోసం అడగాలి, రైలు చార్జీల కోసం అడగాలి, ప్రాక్టీసు అయ్యాక ఆటగాడికి ఇచ్చే ఉడకబెట్టిన గుడ్డు కోసం కూడా అడగాలి. సిగ్గుపడితే ఈ పని చేయలేరు. నేను సర్వీసంతా సిగ్గులేకుండానే అడిగాను. ఒక్క ఏడాది మాత్రం ఎవరి దగ్గర తీసుకోకూడదో వాళ్ళ దగ్గర, అడక్కుండానే తీసుకున్నాను. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. ప్రమోషన్లూ ఇంక్రిమెంట్లూ కావలసిన వాళ్ళు ఈ కాగితాలు పక్కన పెట్టేయవచ్చు.

గాలి తెలిసినవాడు

మా కాలేజీ విశాఖపట్నంలో సముద్రానికి ఎగువన, గుట్ట వాలులో ఉండేది. డెబ్బైల మొదట్లో నేను చేరేసరికి వాలీబాల్ కోర్టు అంటే రెండు సరుగుడు కర్రలు, మధ్యలో అతుకులేసిన నెట్టు, కింద ఎర్రమట్టి. సాయంత్రం నాలుగు దాటితే సముద్రం గాలి మొదలయ్యేది. పైకి లేపిన బంతి లేపినచోట దిగేది కాదు, రెండడుగులు పక్కకి పోయేది. పైఊళ్ళ జట్లు వచ్చి ఆ గ్రౌండుని తిట్టుకుంటూ ఓడిపోయి వెళ్ళేవి. నాకు లోపల్లోపల మహా సంతోషంగా ఉండేది.

ఆ గాలిని వశం చేసుకున్నవాడు నూకరాజు. కాలేజీ దిగువనున్న జాలరిపేట వాడు. తండ్రి చిన్నప్పుడే పోతే, అన్న ఎల్లాజీ వేటకెళ్ళి తమ్ముణ్ణి చదివించాడు. పేటలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు వీడే. మన ఆటలో షాట్ కొట్టేవాడికి చప్పట్లు పడతాయి. వాడికి బంతిని చక్కగా ఎత్తి అందించేవాణ్ణి లిఫ్టర్ అంటాం, వాణ్ణి ఎవరూ చూడరు. నూకరాజు మా లిఫ్టర్. వాడు అందిస్తే మామూలు ఆటగాడు కూడా మొనగాడిలా కనిపించేవాడు.

"ఒరే, చూడకుండానే గాలి ఎటుందో నీకెలా తెలుస్తుందిరా?" అని ఒకసారి అడిగాను.

"సూడ్డమేటి మాస్టారూ, సెవి మీద కొడతాది గదా" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

రేవులో ఒక కంపెనీకి మంచి వాలీబాల్ జట్టుండేది. దాని కోచ్ రెండుసార్లు మా గ్రౌండుకొచ్చి, మాట్లాడకుండా నిలబడి వీడి ఆట చూశాడు. రెండోసారి నన్ను పక్కకి పిలిచి, "యూనివర్సిటీ జట్టుకి ఆడినట్టు సర్టిఫికెట్టు తెమ్మనండి. ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. యూనివర్సిటీ జట్టుని అంతర్ కళాశాలల పోటీల్లో ఎంచుకుంటారు. నూకరాజుది చివరి ఏడాది. ఆ పోటీలకి వెళితే ఎంపికవుతాడని నాకు రవ్వంత అనుమానం లేదు. వెళ్ళడమే మిగిలింది అనుకున్నాను.

కలరా వచ్చిన ఏడు

ఆ వానాకాలంలోనే ఊళ్ళో కలరా దిగింది. మా హాస్టల్ కుర్రాళ్ళు పడిపోయారు. ప్రిన్సిపాల్ గారు తన సొంత కారు వెనక సీట్లో వాళ్ళని పడుకోబెట్టుకుని ఆస్పత్రికి తిప్పారు. ఇద్దరు దక్కలేదు. కాలేజీ మూసేశారు. పేటలో నష్టం మాకంటే చాలా ఎక్కువ. ఎల్లాజీ ఒక్క పూటలో పోయాడు. భార్య పోలమ్మా, ఇద్దరు పసిబిడ్డలూ మిగిలారు.

తిరిగి తెరిచేసరికి సగం మంది పిల్లలే వచ్చారు. రెండో టర్ము ఫీజు మాఫీ చేశారు, దాంతో గేమ్స్ ఫీజూ పోయింది. అంతకుముందు వసూలైనది నీళ్ళ టాంకుకీ బ్లీచింగుకీ వెళ్ళిపోయింది. ఏటా చందా ఇచ్చే కాంట్రాక్టర్లు ఆ ఏడు గంజి కేంద్రాలకి ఇచ్చారు. ఎవరినీ తప్పుపట్టలేం. ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచారు.

"ఒక్క ఆట ఉంచుకోండి మాస్టారూ. మిగతావి వచ్చే ఏడు చూద్దాం."

"ఆ ఒక్కటీ ఏదండీ?"

"క్రికెట్. కాలేజీ కమిటీ వాళ్ళ పిల్లలు ఆడుతున్నారు. అది ఆపితే నన్ను బతకనివ్వరు."

"వాలీబాల్‌కి ఖర్చేముంది సార్? రెండు బంతులు. నెట్టు పాతదే కుట్టుకుంటాం."

"రైలు చార్జీలో? పదిమందికి భోజనాలో? గుడ్లో?" ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఆటలు ఆగితే ఎవరూ చచ్చిపోరు మాస్టారూ. నీళ్ళు పాడైతే చచ్చిపోతారు. చూశాను కదా."

ఆయన మాట నిజం. ఇప్పటికీ నిజమే. కానీ ఇంకో మాట ఉంది, అది చెప్పే తీరతాను. డబ్బు తక్కువైన రోజున ఏ ఆట ఆపారో చూడండి, ఆ కాలేజీ ఎవరిదో మీకు అర్థమైపోతుంది. పచ్చికమీద తెల్లబట్టలు మిగిలాయి, ఎర్రమట్టి మీద మావాళ్ళు పోయారు. గదిలోంచి బయటికొచ్చి, స్టోరు తలుపుని కాలితో తన్నాను. బొటనవేలు వాచింది తప్ప ఒరిగిందేమీ లేదు.

తాడు

ఆ సాయంత్రం జట్టుని కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాను. అన్న పోయి నెల తిరగలేదు, అయినా నూకరాజు ప్రాక్టీసుకి వచ్చాడు. వాడే అన్నాడు.

"మాస్టారూ, మా అలివి వలకి మనుసులు సాల్తల్లేదు. మనం రోజూ ఊరికే పరిగెట్టి రొప్పుతాం గదా. అదేదో ఆదివారం తాడట్టుకుని లాగితే కసరత్తుకి కసరత్తు, కుప్పకి కుప్ప."

అలివి వల అంటే ఒడ్డు నుంచి లాగే పెద్ద వల. తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, నావలో వలని సముద్రంలోకి తీసుకెళ్ళి, చుట్టూ పరిచి, రెండో కొసని దూరంగా ఒడ్డుకి తెస్తారు. రెండు తాళ్ళ దగ్గరా జనం నిలబడి వెనక్కి నడుస్తూ లాగుతారు. చిట్టచివరకి చేరినవాడు తాడు వదిలి మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోయి మొదట నిలబడతాడు. గంటలు పడుతుంది. పడిన చేపల్లో వలకీ నావకీ వాటా తీసేశాక, మిగిలినవి ఇసకమీద కుప్పలు పోస్తారు. తాడు దగ్గర చోటున్న ప్రతివాడికీ ఒక కుప్ప.

నేను రైతుల ఇంట పుట్టినవాణ్ణి, సముద్రమంటే భయం. అయినా మరుసటి ఆదివారం తెల్లారేసరికి పదిమందిని వెంటేసుకుని దిగాను. వల పెద్ద అప్పయ్య, గట్టి ముసలాయన, మమ్మల్ని ఎగాదిగా చూసి, "బూట్లిప్పండి బాబూ, ఇది మీ కాలేజీ కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పేటలో కలరా తర్వాత విన్న మొదటి నవ్వు అదేనని నూకరాజు తర్వాత చెప్పాడు.

ఆ ఆదివారాలు నాకు ఇప్పటికీ కావాలి. రిటైరయ్యాక మనిషికి ఏదో ఒకటి తిరిగి కావాలనిపిస్తుంది. కొందరికి కుర్చీ కావాలి, కొందరికి సలాములు కావాలి. నాకు ఆ తడి తాడు కావాలి. నా ముందు నూకరాజు వీపు, వెనక మా పిల్లల వేళాకోళాలు, కాళ్ళకింద జారిపోయే ఇసక. వల దగ్గరకొస్తుంటే నీళ్ళు కుతకుతలాడేవి. నెత్తళ్ళు, కవళ్ళు, అదృష్టం బాగుంటే కానాగడతలు. మూడు వారాల్లో మా పిల్లల నడుములు ఇనుములా అయ్యాయి. ఆ జట్టుని నేను తయారు చేశానని ఊళ్ళో అనుకున్నారు, కానీ తయారు చేసింది ఆ తాడే.

అప్పయ్య మాకు ఆరు కుప్పలిచ్చేవాడు. తాడు లాగింది పదిమంది. ఆరే ఎందుకిచ్చాడా అని ఆలోచించి, వాలీబాల్‌లో కోర్టులో నిలబడేది ఆరుగురే కనుక ఆ లెక్కన ఇచ్చి ఉంటాడని నాకు నేనే తేల్చుకున్నాను. పెద్దాయనకి ఆట తెలుసే అని మురిసిపోయాను కూడా. లోపల మాత్రం, పదిమంది కష్టానికి ఆరు కుప్పలేమిటని ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. అడిగితే అప్పయ్య చెప్పేవాడు. అడగలేదు. ప్రతిదీ అడుక్కునే మనిషిని, అడగాల్సింది మాత్రం అడగలేదు.

మా కుప్పల్ని అమ్మిపెట్టేది పోలమ్మ. ఆరు కుప్పలూ గంపకెత్తుకుని మార్కెట్టుకి నడిచి వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చి చీర కొంగున కట్టిన ముడి విప్పి డబ్బు నా చేతిలో పోసేది. తనకని ఏమీ తీసుకునేది కాదు. మరిది కోసం చేస్తోంది కాబోలు అనుకున్నాను.

లెక్క అడిగాను

పోటీలకి ముందరి ఆదివారం వలనిండా పడ్డాయి. కుప్పలు ఎప్పటికంటే పెద్దవి. రైలు చార్జీలకి ఇంకా కొంత తక్కువైంది, ఈరోజుతో తీరిపోతుందని ఉత్సాహంగా ఉన్నాను. పోలమ్మ వచ్చి ముడి విప్పింది. కిందటి వారం కంటే తక్కువ.

"ఇదేంటమ్మా? కుప్పలు పెద్దవి కదా, డబ్బు తగ్గిందేం? దారిలో ఎక్కడైనా ఇచ్చేశావా?" అన్నాను. పదిమంది పిల్లలూ చుట్టూ ఉన్నారు. నూకరాజు వల కడుగుతూ అక్కడే ఉన్నాడు.

ఆమె నా ముఖంకేసి ఒక్కసారి చూసింది. "ఇయ్యే వొచ్చినియ్యి బాబూ. రోగమొచ్చినకాడ్నుంచి సేపలు కొనేవోల్లేరి" అంది. గంప బోర్లించి దులిపి చూపించింది, ఇంకేమీ దాచలేదన్నట్టు. ఖాళీ గంప ఎత్తుకుని పేటలోకి వెళ్ళిపోయింది.

అప్పయ్య నా పక్కకొచ్చి ఇసకలో కూర్చున్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఆరు కుప్పలెందుకిత్తన్నానో తెలుసా మాస్టారుబాబూ?"

"ఆటలో ఆరుగురే కదా అని..."

"ఆటేటి? నాకేటి తెలుసు మీ ఆట? పదిమంది లాగినా ఇరవైమంది లాగినా తాడుకాడ కాలీ అయినియ్యి ఆరు జాగాలే. ఆరుగురు పోనారు. పోనోడి కుప్ప ఏడాది దాకా ఆడింటికే ఎల్తాది, అది మా కట్టు. ఈ నూకరాజు ఇల్లిల్లూ తిరిగి, పోటీల దాకా మా టీముకి ఒగ్గేయండని బతిమాలుకున్నాడు. ముందు సరేనన్నది ఆ పోలమ్మే. ఇద్దరు గుంటల్నేసుకుని, గంజి తాగతన్నాది."

నా చేతిలో ఆ చిల్లర ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాయంత్రం పోలమ్మ ఇంటికెళ్ళాను. క్షమించమన్నాను, డబ్బంతా గుమ్మంలో పెట్టాను. ఆమె ముట్టుకోలేదు. "మీకోసం ఇచ్చినామేటి? ఆడికోసం ఇచ్చినాం. ఆడి ఉజ్జోగం కోసం. అట్టుకెల్లండి" అంది. మళ్ళీ తీసుకుని రావాల్సి వచ్చింది. నా జీతం మీద అప్పుతెచ్చి తక్కువైంది పూడ్చాను. ఆ పని మొదటే చేసి ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నా భార్య కూడా అదే అడిగింది.

ప్లాట్‌ఫారం

పోటీలకి బయల్దేరిన పొద్దున నూకరాజు అందరికంటే ముందే స్టేషనుకొచ్చాడు. దారిలో తినడానికి వేపుడు చేపలూ అన్నం మూటకట్టి తెచ్చాడు. అందరి సామానూ బండిలో పెట్టాడు. విజిల్ వేశాక కూడా కిందే నిలబడ్డాడు.

"ఎక్కరా" అన్నాను.

"నాను రాను మాస్టారూ."

మొదట వేళాకోళం అనుకున్నాను. తర్వాత వాడి ముఖం చూశాను.

"మీరంతా ఎల్లిపోతే ఈ ఆదివారం తాడుకాడ జనం సాలరు. వల దిగకపోతే ఆరిల్లకీ కుప్పుండదు. ఈ వారం నుంచి మా అన్న కుప్ప మా వదినింటికి ఎల్లాల."

"ఒక్క వారంరా! ఒక్క వారం ఆగితే నీ బతుకు మారిపోతుంది. నేను చేసిన తప్పుకి నన్ను కొట్టు, నువ్వు మాత్రం ఎక్కు."

"మీ మీద కోపం లేదు. మా వదిన మీద మాటొచ్చాక ఆ డబ్బులతో నాను రైలెక్కలేను మాస్టారూ. ఎక్కినా సేతులాడవు."

బండి కదిలింది. తలుపు దగ్గర వేలాడుతూ వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. వాడు చెయ్యెత్తాడు, బంతిని అందించేటప్పుడు ఎత్తినట్టే, వేళ్ళు విడదీసి.

మొదటి ఆటలోనే ఓడిపోయాం. ఆ ఊళ్ళో గాలే లేదు.

నా రెండో తప్పు

కంపెనీ కోచ్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. మంచివాడే, కానీ సర్టిఫికెట్టు లేందే తన పైవాళ్ళు ఒప్పుకోరన్నాడు. నూకరాజు డిగ్రీ పూర్తిచేశాడు, తాడు దగ్గరే ఉండిపోయాడు.

మరుసటేడు ఫీజులు తిరిగొచ్చాయి. స్టీలు ప్లాంటు పేరు చెప్పి ఎక్కడెక్కడి కుటుంబాలో ఊళ్ళోకి దిగాయి, కాలేజీ కిక్కిరిసింది. మళ్ళీ గేమ్స్ నిధి కోసం వెళితే ప్రిన్సిపాల్ గారు ఎంతో ఆప్యాయంగా, "మీ వాలీబాల్ వాళ్ళు సొంతంగా సంపాదించుకుని వెళ్ళొచ్చారు కదా మాస్టారూ! అదే పద్ధతి మిగతా ఆటలకీ పెడదాం" అన్నారు. పెట్టేశారు. ఎనభైలలో మా కబడ్డీ జట్టు వీపుల మీద నూనె కొట్టు పేరుండేది, హాకీ వాళ్ళకి టైర్ల షాపు పేరు. దాతలు దొరకని ఆటలు సద్దుచేయకుండా పోయాయి. కలరా తగ్గింది కానీ, అది తెచ్చిన పద్ధతి తగ్గలేదు. కాలేజీ డబ్బు లేకుండా ఆట నడుస్తుందని చూపించింది నేనే. ఎవరి కడుపు కొట్టి నడిచిందో మాత్రం ఆయనకి చెప్పలేదు, సిగ్గుపడ్డాను. కొత్తవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. కష్టకాలంలో మీరు చేసిన సర్దుబాటుని, మంచి రోజులొచ్చాక మీ మీదే రూలుగా రుద్దుతారు. ఆ సర్దుబాటు ఖర్చు ఎవరు భరించారో ఆ రోజే బల్లగుద్ది చెప్పండి.

ఆదివారం

పోటీల నుంచి వచ్చాక మొదటి ఆదివారం ఒక్కణ్ణే పేటకి దిగాను. బూట్లు ముందే విప్పేశాను. ఎవరూ పలకరించలేదు. అప్పయ్య మాత్రం గడ్డంతో తాడు చూపించి, "అక్కడట్టుకో బాబూ" అన్నాడు. నూకరాజు వెనక పట్టుకున్నాను. నా కుప్పని పోలమ్మ గుమ్మంలో పెట్టాను. తీసుకుందో లేదో చూడకుండా వచ్చేశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఊళ్ళో ఉన్న ఏ ఆదివారమూ మానలేదు. రెండో ఏడాదిలో ఒకరోజు పోలమ్మ తనే వచ్చి, "కవళ్ళు బాగున్నాయి, ఇయ్యాల మీరట్టుకెల్లండి, అమ్మగారు పులుసెట్టుకుంటాది" అంది. ఆ రోజు ఇంటికి ఎలా నడిచానో గుర్తులేదు.

రిటైరయ్యాక దువ్వాడలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. అక్కడికి సముద్రం వినిపించదు. వచ్చిన కొత్తలోనే నాకు కామెర్లు చేసి నెల్లాళ్ళు మంచం దిగలేదు. మంచాన పడ్డ మొదటి ఆదివారం మధ్యాహ్నం నూకరాజు రెండు బస్సులు మారి వచ్చాడు, చేతిలో తాటాకు బుట్ట. అప్పటికి అప్పయ్య పోయాడు, వీడే వల పెద్ద. చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

పదేళ్ళకి పైగా అడగలేకపోయింది అడిగాను. "ఆ రోజు రైలెక్కనందుకు ఎప్పుడైనా బాధపడ్డావురా?"

"ఉజ్జోగం కోసం లేదు మాస్టారూ. బంతి కోసమే. సాయంత్రం గాలి సెవికి కొట్టినప్పుడు సేతులు పైకెల్లిపోతాయి. పక్కనోల్లు సూసి నవ్వుతారు."

నేను గోడవైపు తిరిగాను. వాడు చూడకూడదని.

నా భార్య బుట్ట అందుకుని, డబ్బెంతని అడిగింది.

"డబ్బులేటమ్మా, మాస్టారి కుప్పిది."

"నేను తాడు దగ్గరికి రాలేదు కదరా" అన్నాను.

"రానోడింటికే గదా మేం తెచ్చేది" అన్నాడు నూకరాజు, లేచి పంచె దులుపుకుంటూ. తర్వాత నా భార్యవైపు తిరిగాడు. "మీరు బెంగెట్టుకోకండమ్మా. మాస్టారు పోనాక కూడా ఏడాది దాకా మీకు సేపలొత్తాయి."